ప్లేస్కూల్ ఫీజు కట్టలేకపోతే పాప వెనకబడిపోతుందా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది అచ్చంపేట దగ్గర ఊరు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా ఉన్నాను. నా భార్య అక్కడే నాలుగు ఫ్లాట్లలో పని చేస్తుంది. పాపకు ఏడాదిన్నర. ఫ్లాట్లలో పిల్లలు రెండేళ్లు నిండకముందే ప్లేస్కూల్‌కు పోతున్నారు. ఏడాదికి అరవై వేలట, మా వల్ల కాదు. పాప వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంగ్లిష్ కూడా మాకు రాదు. మాలాంటివాళ్లం ఏం చేయగలం?"

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను. వెనకబడదు. ఏడాదిన్నర పిల్లకు ప్లేస్కూల్ అక్కర్లేదు. ఆ అరవై వేలు మీ చేతిలో ఉన్నా నేను వద్దనే అంటాను. ఈ వయసులో పాపకు కావలసినవి నాలుగే: ఒంటికి పట్టే తిండి, జబ్బు ముదరకముందే చూపించడం, దెబ్బలు తగలని చోటు, తను ఏదన్నా అంటే బదులు పలికే మనిషి. మొదటి మూడూ అందరూ చెప్పేవే. నాలుగోది మాత్రం మర్చిపోతాం. మీ ఇంట్లో ఆ నాలుగో పనికి తీరిక ఉన్నది మీ ఆవిడకు కాదు, మీకు.

నా సంగతి చెప్పాలి కదా. పాలమూరు వైపు ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకంలో, ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం సెక్టార్ సూపర్‌వైజర్‌గానే. ఇరవైకి పైగా అంగన్‌వాడీ కేంద్రాలు చూసేదాన్ని. డాక్టర్‌ని కాను కాబట్టి మందుల విషయంలో నా మాటే ఆఖరు అనుకోవద్దు. కానీ కూలికి పోయే ఇళ్లలో పిల్లలు ఎలా పెరుగుతారో దగ్గర నుంచి చూశాను.

మొదట్లో నేనూ తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫ్లిప్‌చార్ట్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పప్పులు, ఆకుకూరలు, రోజుకు ఐదుసార్లు తినిపించడం అంటూ ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఒక ఊళ్లో పత్తి ఏరడానికి పోయే తల్లి అంతా ఓపిగ్గా విని, "మంచిగ చెప్పిన్రు మేడమ్. గివన్నీ నేను ఎప్పుడు చెయ్యాలె?" అంది. పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి ఏడింటికి ఇల్లు చేరే మనిషి. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగే మాట మార్చుకున్నాను. "పగలు బిడ్డ దగ్గర ఎవరుంటారు?" అని. మీ ప్రశ్న చదవగానే నాకు తట్టిందీ అదే.

బదులు పలకడం అంటే ఏమిటి

పాప వేలు చూపించి "ఊ" అంటుంది. మీరు అటు చూసి, "లిఫ్టు. పైకి పోయింది. అమ్మ వస్తది చూడు" అంటారు. పాప మళ్లీ "ఊ" అంటుంది. "ఆ, పోయింది. మళ్లా వస్తది." ఇంతే. దీనికి చదువు అక్కర్లేదు. మీరు పలికిన ప్రతిసారీ "నేను అంటే అవతలి మనిషి వింటాడు" అన్నది పాపకు అర్థమవుతుంది. మాటలు దాని మీదే మొలుస్తాయి. పది మంది పిల్లలకు ఒక ఆయమ్మ ఉన్న చోట పాప రోజంతా "ఊ" అన్నా పలికే నాథుడు ఉండకపోవచ్చు. అందుకే ప్లేస్కూల్ వద్దన్నాను. ఆడుకోవడానికి తోటి పిల్లలు కావాలి అంటారేమో. అది మూడేళ్లు వచ్చాక చూసుకోవచ్చు. ఇప్పుడైతే ఇద్దరు పిల్లలను పక్కన కూర్చోబెట్టినా ఎవరి ఆట వారిదే.

ఇది నా సొంత కవిత్వం కాదు. ట్రైనింగుల్లో మాకు జమైకా పిల్లల సంగతి చెప్పేవారు. 1986-87లో కింగ్‌స్టన్ నగరంలో, పేద బస్తీల్లో, వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పిల్లలను తీసుకున్నారు. తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు వాళ్లు. వాళ్లలో కొందరి ఇళ్లకు మన ఆశాల్లాంటి కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లు వెళ్లారు. వెళ్లి ఏం చేశారు? తల్లితో కలిసి బిడ్డను ఆడించారు. ఖాళీ డబ్బాలు, సీసాలతో చేసిన బొమ్మలు పట్టుకెళ్లారు. అంతే. ఇరవై ఏళ్ల తర్వాత వెతికి చూస్తే, అలా ఎవరూ వెళ్లని ఇళ్ల పిల్లల కన్నా వీళ్ల సంపాదన పాతిక శాతం ఎక్కువ ఉంది. ఇంకొందరు పిల్లలకు తిండి మాత్రమే అదనంగా ఇచ్చారు, వాళ్లలో మొదట కనిపించిన లాభం తర్వాత నిలవలేదు. తిండి ముఖ్యం కాదని దీని అర్థం కాదు, తొందరపడకండి. తిండి పెట్టేసి చేతులు దులుపుకుంటే చాలదని. మన అంగన్‌వాడీల్లో కూడా మూడేళ్ల లోపు పిల్లలకు ఇలాంటి ఆటలు నేర్పడానికి 2024లో నవచేతన అని ఒక పద్ధతి పెట్టారు. ఐసీడీఎస్ మొదలైంది 1975లో. ఇన్నేళ్లూ ఈ వయసు వాళ్లకు మేం ఎక్కువగా ప్యాకెట్లు పంచి, బరువు తూచి పంపేశాం. మాలో మాట, అది మా లోటే.

ఇక మీ విషయానికి వస్తాను. మీ ఆవిడ నాలుగు ఇళ్ల పని చేసి వచ్చేసరికి నడుం విరిగి ఉంటుంది. ఆమెను "పాపతో ఆడుకో" అంటే అది ఐదో ఇంటి పని అవుతుంది. మీరేమో పగలంతా గేటు దగ్గర కుర్చీలో ఉంటారు. మోటారు వేయడం, కార్లు కడగడం, పార్సిళ్లు తీసుకోవడం ఉంటాయనుకోండి, కానీ మధ్యలో గంటలకు గంటలు ఖాళీ. ఆ ఖాళీలో చేతిలో ఏముంటుందో నాకు తెలుసు, మీకూ తెలుసు.

గేటు దగ్గర ఉన్నంత ప్లేస్కూల్ ఇంకెక్కడా లేదు. ఎర్ర కారు, తెల్ల కారు. పెద్ద చెప్పు, చిన్న చెప్పు. కూరగాయల బండి వస్తే టమాటా పాప చేతికివ్వండి, పట్టుకుని చూడనివ్వండి. కొరియర్ వాళ్లు పడేసిన అట్టపెట్టె ఉంటే అందులో ఎక్కి కూర్చుంటుంది, అది బస్సు. రెండు స్టీలు గ్లాసులు, ఒక గిన్నె, ఒక గరిటె ఇవ్వండి. ఏది ఎందులో పడుతుందో అరగంట తేల్చుకుంటుంది. పాత గుడ్డలు చుట్టి బంతి చేయండి. నీళ్ల సీసాలో చింతగింజలు వేసి గిలక చేయొచ్చు, కానీ మూత ఫెవిక్విక్‌తో అంటించి, పూర్తిగా ఆరి గట్టిపడ్డాకే ఇవ్వండి. ఒక్క గింజ గొంతులో పడినా ప్రాణం మీదికి వస్తుంది. పల్లీలు, శనగలు గింజల్లా తినడానికి ఇవ్వకండి. అదీ అదే కారణం.

పాట కూడా. మీ నాయనమ్మ చేతులు తట్టించి పాడినవి రెండు గుర్తు తెచ్చుకోండి. గొంతు బాగాలేదని సిగ్గుపడకండి, పాపకు మీ గొంతే కావాలి. మా సెక్టార్‌లో ఒక ఇటుక బట్టీలో పనిచేసే తండ్రి, బిడ్డను భుజాన వేసుకుని బట్టీ చుట్టూ తిరుగుతూ కనిపించినదల్లా చెప్పేవాడు. "ఇది మట్టి, ఇది ఇటుక, ఇది కాలింది, ముట్టుకోకు." పక్కవాళ్లు నవ్వేవారు. నేను నాలుగైదు నెలలకోసారి చూసేదాన్ని కదా, ఆ పిల్లకు మాటలు ఎంత త్వరగా వచ్చాయో నాకు బాగా తెలిసేది.

ఫోన్ మాట

ఫ్లాట్లలో పని చేస్తున్నప్పుడు పాప అడ్డం రాకుండా కార్టూన్ పెట్టి కూర్చోబెడతారా? మీరు రాయలేదు కానీ చాలామంది అలాగే చేస్తారు. తడి నేల మీద పాప జారిపడకుండా పది నిమిషాలు పెడితే నేను తిట్టను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇది: రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దు, ఆ పైన నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించొద్దు. ఎందుకంటే ఫోన్ పాడుతుంది, ఆడుతుంది, కానీ పాప "ఊ" అంటే ఆగి బదులు చెప్పదు. కనీసం అన్నం తినేటప్పుడు మాత్రం ఫోన్ పూర్తిగా మానేయండి. ఫోన్ చూస్తూ తిన్న పిల్లకు కడుపు నిండిందో లేదో కూడా తెలియదు. మొదటి నాలుగు రోజులు ఏడుస్తుంది, తక్కువ తింటుంది. ఐదో రోజుకు దారికొస్తుంది. అంట్లు తోమేచోట పక్కన ఒక చిన్న గిన్నె, తడిగుడ్డ ఇచ్చి "నువ్వూ తోము" అంటే కార్టూన్ కన్నా ఎక్కువసేపు కూర్చుంటుంది.

తిండి

మీ దగ్గరి బస్తీలో అంగన్‌వాడీ ఎక్కడుందో ముందు కనుక్కోండి. తల్లి ఆధార్, పాప టీకాల కార్డు పట్టుకుని వెళ్లండి. ఊళ్లో పేరు నమోదై ఉంటే పోషణ్ ట్రాకర్‌లో, అంటే అంగన్‌వాడీ టీచర్ ఫోన్‌లో ఉండే యాప్‌లో, ఇక్కడికి మార్పించుకోవచ్చు. "మీరు ఊరివాళ్లు, మా లిస్టులో లేరు" అని పంపేస్తే ఊరుకోకండి, సూపర్‌వైజర్ నంబర్ అడగండి. ఆ మాట అంటే చాలు, సగం పని అయిపోతుంది. నాకు తెలుసు కదా.

ఏడు నెలల నుంచి మూడేళ్ల వరకు పిల్లలకు బాలామృతం ఇస్తారు. నేను ఉన్నప్పటి లెక్క నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్, 16 గుడ్లు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిసిన పొడి అది. రోజుకు వంద గ్రాములు, వేడినీళ్లలోనో పాలలోనో కలిపి రెండు మూడుసార్లుగా పెట్టాలి. ఆ ప్యాకెట్ పాపది. ఇంట్లో అందరూ తలా ఇన్ని ముద్దలు చేసుకుని తింటే పది రోజుల్లో అయిపోతుంది. గేదెకు దాణాగా పెట్టినవాళ్లను కూడా చూశాను, పాలు బాగా ఇచ్చిందని సంబరంగా చెప్పారు పైగా.

ఇంట్లో వండే అన్నంలోనే పప్పు గట్టిగా మెదిపి, ఒక చెంచా నూనో నెయ్యో వేసి పెట్టండి. చారన్నం, నీళ్ల మజ్జిగన్నం కడుపు నింపుతాయి కానీ ఒంటికి పట్టవు. ఏడాదిన్నర పిల్ల కడుపు చిన్నది, మూడు పూటలా అన్నం, మధ్యలో రెండుసార్లు గుడ్డో అరటిపండో. తల్లిపాలు ఇంకా ఇస్తుంటే రెండేళ్లు నిండేవరకు ఇవ్వమనండి.

ఇప్పుడు గట్టిగా ఒక మాట. ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ రోజుకు రెండు అనుకుంటే నెలకు మూడు వందలు. ఆ డబ్బుకు నెలంతా రోజుకో గుడ్డు వస్తుంది. కొని పెట్టే తండ్రిని నేను తప్పుపట్టను. పిల్ల ఏడిస్తే చేతిలో ఉన్న ఐదు రూపాయలతో నవ్వించాలనుకోవడం ప్రేమే. కానీ ప్యాకెట్ తిన్న పిల్ల అన్నం ముట్టదు. టీ అసలు వద్దు. ఒక్క గుటక కూడా.

టీ గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక కేంద్రంలో రెండేళ్ల బాబు ఉండేవాడు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చునేవాడు. ఏడవడు, పరుగెత్తడు. "వీడంత బుద్ధిమంతుడు లేడు మేడమ్" అని టీచర్ మురిసిపోయేది. నేనూ రెండుసార్లు తల నిమిరి వచ్చేశాను. మూడోసారి వెళ్లినప్పుడు ఎందుకో కింది కనురెప్ప లాగి చూశాను. లోపల ఎరుపు అన్నదే లేదు. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరే, చాలా తక్కువ. ఇంట్లో పెట్టేది ఏమిటని అడిగితే పొద్దున టీలో బిస్కెట్లు, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం మళ్లీ టీ. టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఆస్పత్రిలో చూపించి, మందు వాడి, టీ మాన్పించాక మూడు నెలలకు వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, "వీనితోని ఏగలేకపోతున్న మేడమ్, ఒక్కచోట నిలబడడు" అని ఫిర్యాదు చేసింది. నా సర్వీసులో నాకు అంత సంతోషం కలిగించిన ఫిర్యాదు ఇంకోటి లేదు.

ఇదేదో అరుదైన సంగతి అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 63 మందికి. అందుకే ఆశా గానీ ఏఎన్‌ఎం గానీ ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు, తప్పకుండా పోయండి. విరేచనం నల్లగా వస్తుంది, భయపడి ఆపేయకండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు. రెండేళ్ల లోపు పాపకు సగం మాత్ర, పొడి చేసి నీళ్లలో కలిపి.

టీకా: పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్ ఉంటాయి. మీ పాపకు సరిగ్గా ఇదే సమయం. ఊరు మారిన ఇళ్లలో ఎక్కువగా తప్పిపోయేవి ఇవే. అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఉచితంగా వేస్తారు. అక్కడే అడిగి విటమిన్-ఏ కూడా వేయించండి. జలుబు, విరేచనాల్లాంటి వాటికి బస్తీ దవాఖానా ఉంది, మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ పోయకండి.

అంగన్‌వాడీలో బరువు తూచినప్పుడు జబ్బ చుట్టుకొలత టేపు కూడా వేయమనండి. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ. 11.5 కన్నా తక్కువ వస్తే ఎరుపు, అప్పుడు ఇంట్లో బాలామృతంతో సరిపెట్టుకోకూడదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

సెల్లార్

ఇది మీ ఉద్యోగానికి సంబంధించిన విషయం కాబట్టి విడిగా రాస్తున్నాను. వాచ్‌మన్ పిల్లలకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రివర్స్ చేసే కారు. ఏడాదిన్నర పిల్ల కారు వెనక నిలబడితే అద్దంలో కనిపించదు. కార్లు కదిలే వేళ, అంటే పొద్దున ఎనిమిది నుంచి పది, సాయంత్రం ఆరు తర్వాత, పాప మీ చంకలోనో గది తలుపు వెనకో ఉండాలి. గదికి అడ్డంగా మోకాలెత్తు చెక్క ఒకటి పెట్టండి. రెండోది సంపు. మూత తెరిచి మోటారు చూడటానికి పోయి, ఫోన్ మోగితే అలాగే వదిలేసి వెళ్లడం అందరూ చేసే పనే. మూత వేసి, పైన బరువు పెట్టాకే కదలండి. బాత్రూంలో నీళ్ల బకెట్ కూడా అంతే, వాడాక బోర్లించండి. ఫినాయిల్, యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టొద్దు.

ఎప్పుడు ఆగకుండా చూపించాలి

పిల్లలు అందరూ ఒకే రోజు నడవరు, ఒకే రోజు మాట్లాడరు. "మా అన్న కూడా మూడేళ్లకే మాట్లాడాడు" అని ప్రతి ఇంట్లో ఒక పెద్దాయన ఉంటాడు. అయినా కొన్నిటికి ఎదురుచూడకూడదు. పద్దెనిమిది నెలలకు నడక రాకపోతే. పదహారు, పద్దెనిమిది నెలలకు అర్థమయ్యే ఒక్క మాటా లేకపోతే. రెండేళ్లకు "అమ్మ దా", "నీళ్లు కావాలె" లాంటి రెండు మాటలు కలపకపోతే. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కళ్లలోకి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఏ వయసులోనైనా చూపించాలి.

మాటలు ఆలస్యమైతే మొదట చెవులు చూపించండి. మా దగ్గర ఒక పాపను "మొండిది, పిలిస్తే పలకదు" అని ఇంట్లో కొట్టేవారు. నిజానికి ఆ పాపకు వినపడదు. వెనక నుంచి గిన్నె మోగిస్తే బయటపడింది, అప్పటికే మూడేళ్లు దాటాయి. చెవి వినపడని పిల్లలకు లోపల వినికిడి పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉంది, కానీ దానికి వయసు పరిమితి ఉంది, అందుకే ఆలస్యం పనికిరాదు. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ప్రభుత్వానిదే. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ డాక్టర్ల టీమ్ వస్తుంది, పుట్టుకతో వచ్చే లోపాలు, ఎదుగుదలలో తేడాలు వాళ్లు చూసి పై ఆస్పత్రికి రాస్తారు. ఎప్పుడొస్తారో టీచర్‌ను అడిగి ఆ రోజు పాపను తీసుకెళ్లండి.

ఇంగ్లిష్ సంగతి

ఫ్లాట్లలో ఆంటీలు పాపతో "కమ్ బేబీ, సిట్ బేబీ" అంటుంటే మీరు కూడా వచ్చీరాని రెండు ముక్కలు మొదలుపెడతారేమో. వద్దు. మీరు మీ ఊరి మాటలోనే మాట్లాడండి. మీకు ధారాళంగా వచ్చిన భాషలో అయితే పాపకు వంద మాటలు చెబుతారు, కోప్పడతారు, నవ్విస్తారు, కథ చెబుతారు. రాని భాషలో నాలుగు ఆర్డర్లు మాత్రమే వేయగలరు. ఇంగ్లిష్ బడిలో నేర్చుకుంటుంది, ముందు ఒక భాష గట్టిగా వచ్చి ఉంటే రెండోది దాని మీద నిలబడుతుంది. ఆంటీలు వాళ్ల మాటలు వాళ్లు మాట్లాడితే మాట్లాడనివ్వండి, నష్టం లేదు.

మూడేళ్లు నిండగానే అంగన్‌వాడీకి పంపండి. పూట భోజనం, గుడ్డు, ఆటపాట ఉంటాయి. కేంద్రం ఎలా ఉంటుందన్నది మాత్రం టీచర్ మీద ఆధారపడి ఉంటుంది, అన్నీ ఒకలా ఉండవు. చేర్పించే ముందు ఒక రోజు పదకొండింటికి చెప్పకుండా వెళ్లి కిటికీలోంచి చూడండి. పిల్లల గోల వినిపిస్తుంటే చేర్పించండి. అందరూ చేతులు కట్టుకుని నిశ్శబ్దంగా కూర్చుని ఉంటే ఇంకో కేంద్రం వెతకండి.

ఎంఆర్ టీకా అయిందో లేదో కార్డు చూసి ఇక్కడే కింద రాయండి. కార్డు ఊళ్లో ఉండిపోతే అదీ చెప్పండి, ఏఎన్‌ఎం రిజిస్టర్‌లోంచి ఎలా తీయించాలో రాస్తాను.